తలుపుకు అడ్డుపెట్టిన దిమ్మ

ముందుగా ఒక మాట. నా రాతలో ఒత్తులు తప్పిపోతాయి. దీర్ఘం ఉండాల్సిన చోట ఉండదు, అక్కర్లేని చోట వచ్చి కూర్చుంటుంది. పెద్దతనంలో అక్షరాలు పట్టుకున్నదాన్ని. ఈ నాలుగు కాగితాలకూ రెండు చలికాలాలు పట్టాయి. చదివేవాళ్ళు తప్పులు దిద్దుకుంటూ, నాతోపాటు నెమ్మదిగా నడవమని మనవి.

చలిగది తలుపు తీసినప్పుడల్లా క్లారాకు కలలోకి అడుగుపెట్టినట్టే ఉండేది. లోపలి చలి బయటి గాలిని తాకగానే తెల్లటి పొగ నేలమీద పాకుతూ వచ్చి బూట్ల చుట్టూ తిరిగేది. గోడలకు మంచు పొడి అంటుకుని ఉండేది. పైన ఒక్కటే దీపం. ఆ వెలుతురులో, నీళ్ళున్న ఇనుప తొట్లలో కాంక్రీటు దిమ్మలు వరసగా పడుకుని ఉండేవి. ఎవరో చెప్పినట్టు అక్కడ అందరూ గొంతు తగ్గించి మాట్లాడేవాళ్ళు. పసిపిల్లలు నిద్రపోతున్న గదిలో మాట్లాడినట్టు.

ఆ గది రోజుకు ఆరుసార్లు గడ్డకట్టి ఆరుసార్లు కరిగేది. యంత్రం దానంతట అదే చలి పెంచేది, దానంతట అదే తగ్గించేది. అంటే రోజుకు ఆరు చలికాలాలు, ఆరు వసంతాలు.

"నేనీ గదిలో మూడేండ్లుగా ఉండా," అనేవాడు చలపతి. "దినానికి ఆరు చలికాలాలంటే నా వయసెంతో లెక్కెయ్యి క్లారమ్మా. అందుకే మా అమ్మ చూసే సంబంధాలన్నీ తప్పిపోతాండాయి. పెండ్లికొడుక్కి ఆరువేల ఏండ్లంటే ఎవురు పిల్లనిస్తారు?"

చలపతిది మదనపల్లె దగ్గర. ఇక్కడే చదువుకుని, ఈ మెల్‌బోర్న్ యూనివర్సిటీలోనే ల్యాబ్‌లో చేతిపని మనిషిగా కుదిరాడు. ఆరు నెలలకోసారి కాంట్రాక్టు కొత్తగా రాయాలి. ఆ కాగితం ఉంటేనే అతను ఈ దేశంలో ఉండడానికి పెట్టుకున్న దరఖాస్తు నిలబడుతుంది. ఆ సంగతి ల్యాబ్‌లో అందరికీ తెలుసు. అతను మాత్రం ఆ ఊసెత్తేవాడు కాదు.

క్లారాది గుంటూరు పక్క పల్లె. తండ్రి జోజయ్య తాపీమేస్త్రీ. ఆమె చేస్తున్న మాస్టర్స్ చదువుకు ఒకే ఒక్క ప్రశ్న. మంచు పడే కొండమీద, వాగు దాటడానికి నడకవంతెన ఒకటి కట్టబోతున్నారు. దానికి ఇనుప చువ్వలు పెట్టి పోసే కాంక్రీటు ఎట్లా ఉంటే ఏళ్ళ తరబడి చలికి నిలుస్తుంది? అందుకోసం మూడు దఫాలుగా పద్దెనిమిది దిమ్మలు పోశారు. ఒక్కోటి మూరకు కాస్త తక్కువ. ప్రతిదాని మధ్యలో వేలు లావు చువ్వ ఒకటి. గదిలో నిలబడినవాటిని సెప్టెంబరులో కొండమీదికి తీసుకెళ్ళి వాగు ఒడ్డున పెడతారు. వాటితోపాటు క్లారా కూడా వెళ్ళాలి. నవంబరులో పరిశోధన పుస్తకం ఇచ్చేయాలి.

క్లారా అప్పటిదాకా మంచు చూడలేదు. చలిగది గోడమీది పొడి తప్ప.

ఇక్కడ చలికాలమైన ఆగస్టులో ఒక సోమవారం పొద్దున ఆమె దిమ్మలను ఒక్కొక్కటే బల్లమీద పెట్టి చిన్న సుత్తితో తట్టింది. తట్టినప్పుడు దిమ్మలో పుట్టే మోతను యంత్రం విని, తెరమీద అంకె చూపిస్తుంది. అంకె చూడకముందే చెవితో వినమని నేర్పింది చలపతే. మొదటి దఫా దిమ్మలు గుడిగంట చివరి మోతలాగా సన్నగా, పొడుగ్గా పలికాయి. రెండో దఫావీ అంతే. మూడో దఫా మొదటి దిమ్మను తట్టింది. తడిసిన చెక్కమీద కొట్టినట్టు 'దబ్' మంది.

ఇంకోసారి తట్టింది. మళ్ళీ దబ్.

దిమ్మను రెండు చేతులతో ఎత్తబోయింది. ఒక మూల ఊడి ఆమె గ్లవ్‌లోనే ఉండిపోయింది. ఊడినచోట చువ్వ కనిపించింది. చర్మం చెక్కుకుపోతే ఎముక కనిపించినట్టు.

"అన్నా," అంది క్లారా.

చలపతి వచ్చి చూశాడు. మిగిలిన ఐదింటినీ తనే తట్టాడు. ప్రతిసారీ తల వంచి విన్నాడు. ఆఖరిదాని తర్వాత సుత్తి బల్లమీద పెట్టి, దాన్ని తిన్నగా జరిపాడు. ఏ హాస్యమూ ఆడలేదు.

పదకొండు గంటలకు ల్యాబ్ మేనేజర్ క్రిస్ వచ్చాడు. అతని వెనకే ప్రొఫెసర్ ఈశ్వరప్రసాద్ వచ్చాడు. ఆయన ఈ దేశానికి వచ్చి ముప్పై ఏళ్ళు. ఇక్కడివాళ్ళకు 'ఈష్', తెలుగు పిల్లలకు 'సార్'. క్రిస్ అందరి పేర్లూ కత్తిరిస్తాడు. చలపతి అతనికి 'ప్యాట్'.

క్రిస్ ఊడిన మూలను వేళ్ళతో నలిపాడు. అది ఇసుకై రాలింది.

"తొంభై చలికాలాలకే ఇట్లా అయిందంటే లోపల గాలి లేదు," అన్నాడు ఇంగ్లీషులో. "ప్యాట్, ఆ రోజు నురగమందు ఎంత పోశావు?"

నురగమందు అంటే సబ్బునీళ్ళలాంటిది. కలిపేటప్పుడు కాస్త పోస్తే కాంక్రీటు నిండా కంటికి ఆనని బుడగలు లేస్తాయి. చలి ఒక్కటే కాంక్రీటును ఏమీ చేయదని ఈశ్వరప్రసాద్ సార్ మొదటి క్లాసులోనే చెప్పారు. పొడిగా ఉంటే చలికి అది ఇంకా గట్టిపడుతుంది. చేటంతా లోపలికి దిగిన నీళ్ళతోనే. నీళ్ళు గడ్డకట్టేటప్పుడు ఉబ్బుతాయి. ఉబ్బినప్పుడు పక్కకు జరగడానికి చోటుండాలి. ఆ చోటే బుడగ. లేకపోతే నీళ్ళు రాయిని చీల్చుకుంటాయి. ఆ చీలికల్లోంచి తడి చువ్వదాకా పోతుంది, చువ్వ తుప్పు పడుతుంది.

"ఇరవై మిల్లీ," అన్నాడు చలపతి. "సిరంజిలో రెండుసార్లు చూసి పోశాను. పుస్తకంలో రాశాను."

"పుస్తకంలో ఏదైనా రాయొచ్చు మేట్. గాలి కొలిచే మీటర్ ఆ రోజు రిపేరుకు పోయి ఉంది. కొలిచిన అంకె లేదు." క్రిస్ క్లారా వైపు తిరిగాడు. "అతను పోస్తుంటే నువ్వు చూశావా?"

క్లారాకు ఆ రోజు బాగా గుర్తుంది. ఆమె గోడ వైపు తిరిగి అచ్చులకు నూనె రాస్తోంది. వెనక మిక్సర్ తిరుగుతోంది.

"నేను అచ్చులకు నూనె రాస్తున్నా. చూడలేదు," అంది.

అది నిజమే. కానీ అన్నాక, గదిలో తను నిలబడిన పక్క కాస్త వెచ్చగా, చలపతి నిలబడిన పక్క కాస్త చల్లగా అయినట్టు అనిపించింది. ఆ వెచ్చదనం ఆమెకు హాయిగా ఉంది. హాయిగా ఉన్నందుకే సిగ్గేసింది.

"శుక్రవారం నీ కాంట్రాక్టు సంగతి కూర్చుని మాట్లాడదాం, ప్యాట్," అన్నాడు క్రిస్. గొంతులో కోపం లేదు. కోపం ఉన్నా బాగుండేది.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళే క్రాన్‌బర్న్ రైలు కిటకిటలాడుతోంది. క్లారా తలుపు పక్కన నిలబడి కళ్ళు మూసుకుంది. నిద్రా కాదు, మెలకువా కాదు. రైలు పెట్టె నిండా నీళ్ళు. నీళ్ళన్నీ కోట్లు వేసుకుని నిలబడి ఉన్నాయి. స్టేషను వచ్చినప్పుడల్లా చలి ఎక్కుతోంది. ఒక్కో నీటిబొట్టూ భుజాలు విదుల్చుకుని కాస్త లావవుతోంది. "కొంచెం జరుగుతారా?" అంటోంది ఒకటి. "ఎక్కడికి జరగను?" అంటోంది ఇంకోటి. గోడలు కిర్రుమంటున్నాయి.

కళ్ళు తెరిచేసరికి పక్కనున్న ముసలాయన తన సంచీని ఒళ్ళోకి తీసుకుని, ఆమెకు నిలబడడానికి జానెడు చోటిచ్చి చిన్నగా నవ్వాడు.

మంగళవారం పాడైన దిమ్మను రంపపు యంత్రంతో కోశారు. కోసిన ముఖాన్ని అద్దంలా నునుపు చేసి మైక్రోస్కోపు కింద పెట్టారు. క్లారా కంటికి ఆనించింది. బూడిదరంగు మైదానం. అక్కడొక కంకరరాయి, అక్కడొకటి. బుడగలు ఉండాల్సిన చోట ఏమీ లేదు. చుక్కల్లేని ఆకాశంలా ఉంది.

"చూశావుగా. మందు పడలేదు," అన్నాడు క్రిస్. బుడగలు లెక్కపెట్టి కాగితంమీద రాసుకున్నాడు. లేచి వెళ్ళేటప్పుడు నోటీసుబోర్డు దగ్గర ఆగాడు. అక్కడ క్రిసే తీసి తగిలించిన ఫొటో ఉంది. అచ్చుల్లోంచి అప్పుడే తీసిన ఆరు మూడో దఫా దిమ్మలు. ఒక్క సూదిరంధ్రం లేకుండా, పాలరాయిలా ఉన్నాయి. 'ల్యాబ్‌లో ఇప్పటిదాకా పోసినవాటిలో అందమైనవి' అని కింద పెన్నుతో రాసి ఉంది.

"నీ పనికి ఇట్లా జరగడం బాధగా ఉంది, క్లారా," అన్నాడు. "అంత చక్కగా పోశావు."

మొదటి రెండు దఫాలూ పోసింది చలపతి. క్లారా పక్కన నిలబడి నేర్చుకుంది. మూడో దఫా రోజు కలపడం వరకూ అయ్యాక, కంకర లారీ వచ్చిందని అతన్ని కిందికి పిలిచారు. అందుకని అచ్చుల్లో పోయడం అంతా క్లారా చేతిమీదే జరిగింది. చలపతి తిరిగొచ్చి మిక్సర్ అడుగున మిగిలినదాన్ని పెరుగు డబ్బాలో పోసి, మేకుతో తేదీ గీశాడు. మర్నాటికి అది గట్టిపడింది. అప్పటినుంచీ చలిగది తలుపుకు అడ్డుపెట్టే దిమ్మ అదే. తొట్లున్న బండిని లోపలికి తోసేటప్పుడు తలుపు మూసుకోకుండా కాలితో దాన్ని జరిపేవాడు.

మంగళవారం కూడా అట్లాగే జరిపాడు. క్లారా బండి తోస్తోంది.

"అన్నా... నిన్న నేను..."

"నేనేమీ అనలేదు కదా క్లారమ్మా. చూడలేదంటే చూడలేదు. నువ్వు అబద్ధం చెప్పాలని నేనెందుకు అనుకుంటాను?" బండి చక్రం దిమ్మకు తగిలింది. అతను వంగి దిమ్మను ఇంకో అంగుళం పక్కకు పెట్టాడు. "పోయిరా లోపలికి. చలి బయటికొస్తాంది."

మధ్యాహ్నం అతను టిఫిన్ డబ్బా మూత తీసి, చూసి, మళ్ళీ మూత పెట్టేయడం క్లారా కిటికీ అద్దంలోంచి చూసింది.

క్లారా ఉండేది పిన్ని ఇంట్లో. పిన్ని పేరు మరియరాణి. కొడుకూ కోడలూ ఆఫీసులకు పోతే ఇద్దరు మనవళ్ళను చూసుకుంటూ క్రాన్‌బర్న్‌లో ఉంటోంది. భర్త పోయి నాలుగేళ్ళు. వయసులో ఉన్నప్పుడు జోజయ్య మేస్త్రీ ముఠాలోనే తట్ట మోసింది. ఎంత దూరాన స్లాబు పోస్తున్నా వాసన పట్టేస్తానంటుంది. అప్పట్లో ఆమె సాయంత్రాలు వంటింటి బల్లమీద మనవడి పుస్తకంలో అక్షరాలు దిద్దుకుంటోంది. సీసాల మీద క్లారా రాసి అంటించిన పేర్లను కూడబలుక్కుని చదివేది.

బుధవారం సాయంత్రం క్లారా ఇంటికి వచ్చేసరికి వంటిల్లంతా నిమ్మకాయ వాసన. పెరట్లో చెట్టు విరగకాసింది. పిన్ని మూడు రోజుల కిందట ఉప్పులో ఊరేసిన ముక్కలకు ఆ రోజు కారం, మెంతిపొడి కలిపింది.

"ఏందే, మూడు రోజుల్నించీ అట్టా ఉన్నావు? ఎవురన్నా ఏమన్నా అన్నారా?"

"నన్నెవరూ ఏమీ అనలేదు పిన్నీ."

"మరి అనకపోతే ఆ మొకమేంటి? అంటే ఏడుద్దువు, అనకపోతే మాడుద్దువు. నీతో చచ్చిపోతన్నా. కూర్చో, అన్నంలో కొత్త పచ్చడి ఏస్తా."

బయటినుంచి చిన్న మనవడు తొంగిచూసి, "నానమ్మా, ఇట్స్ టూ స్పైసీ, ఐ కెన్ స్మెల్ ఇట్," అని పారిపోయాడు.

"పోరా, పోయి నీ బ్రెడ్డు తిను," అంది పిన్ని. నవ్వుతూనే గాజుసీసాలోకి పచ్చడి ఎత్తుతోంది. సగం నిండాక తువ్వాలు నాలుగు మడతలు పెట్టి, దానిమీద సీసా అడుగును కొట్టింది. తక్, తక్, తక్. ముక్కల మధ్యనుంచి బుడగలు లేచి పైకొచ్చి పగిలాయి. ఇంకాస్త ఎత్తింది. మళ్ళీ తక్, తక్. గాజుకు కన్ను ఆనించి చూసింది. ఎక్కడో మూల ఒక్క బుడగ మిగిలింది. అది పోయేదాకా కొట్టింది.

"ఇంకెందుకు కొడతావు?" అంది క్లారా. ఆమె గొంతు ఆమెకే దూరంగా వినిపించింది.

"గాలుంటే బూజు పట్టుద్ది. స్లాబు పోసినా ఇంతే కదటే. మర్చిపోయావా? మీ నాన్న పైన కడ్డీతో పొడిచేవాడు, నేను తట్ట గుమ్మరించేదాన్ని, నువ్వు కిందనుంచి కర్రతో సెంట్రింగ్ రేకును టకటకా కొట్టేదానివి. 'ఆపమ్మా' అంటే ఆపేదానివా? 'ఇంకా బుడగలొస్తన్నాయి పిన్నీ' అని కొడతానే ఉండేదానివి. నీ చేతి కింద పోసిన స్లాబులో ఒక్క బొక్క ఉండేది కాదు. మీ నాన్న అందరికీ చెప్పుకునేవాడు."

క్లారా అన్నం ముందు కూర్చుని తన కుడిచేయి చూసుకుంది.

మూడో దఫా రోజు ఆ చెయ్యి ఏం చేసిందో ఇప్పుడు ఆమెకు కళ్ళకు కట్టినట్టు కనిపిస్తోంది. అచ్చును వణికే బల్లమీద పెట్టి పది సెకన్లు వణికించి ఆపేయాలి. గోడమీద రాసి ఉంది. చలపతి అట్లాగే ఆపేసేవాడు. పైన ఇంకా బుడగలు కనిపిస్తున్నా ఆపేసేవాడు. అతని దిమ్మల మీద చిన్న చిన్న గుంటలు ఉండేవి. చలపతన్నకు పనిలో కాస్త అశ్రద్ధ అని ఆమె మనసులో అనుకుంది కూడా. తన వంతు వచ్చినప్పుడు గోడమీది మాట చెయ్యి వినలేదు. పైకొచ్చే బుడగ ఆగేదాకా బల్లను వణికించింది. ఒక్కో అచ్చుకు రెండేసి నిమిషాలు. తర్వాత రబ్బరు సుత్తి తీసుకుని చుట్టూ కొట్టింది. చివరి బుడగ పైకొచ్చి పగిలినప్పుడు, బాగా పని చేసినవాళ్ళకు కలిగే తృప్తి కలిగింది.

ఆమె తరిమేసింది గాలిని అనుకుంది. తరిమేసింది నీళ్ళు జరగాల్సిన చోటును.

"తినవే," అంది పిన్ని.

తింది. పచ్చడి కారానికి కళ్ళలో నీళ్ళు వచ్చాయి. కారానికే అని పిన్ని అనుకుంది.

అయినా ఇదంతా ఊహే. మందు నిజంగానే పడలేదేమో. చలపతి నిజంగానే తప్పు చేశాడేమో. గురువారం పొద్దున రైల్లో క్లారా ఆ మాటనే పట్టుకుని వేలాడింది. కిటికీ బయట ఇళ్ళ కప్పులమీద తెల్లటి మంచుపూత ఉంది. ఎండ తగిలినచోట కరిగిపోతూ, నీడ ఉన్నచోట నిలిచి ఉంది. కరిగిన నీళ్ళు రేపు పొద్దున మళ్ళీ గడ్డకడతాయి.

ల్యాబ్‌లో ఇంకా ఎవరూ రాలేదు. చలిగది ముందు పెరుగు డబ్బా ఆకారంలో ఆ దిమ్మ కూర్చుని ఉంది. అంచులు తలుపు తగిలి అరిగాయి. తేదీ మాత్రం స్పష్టంగా ఉంది. అదే రోజు, అదే మిక్సర్, అదే మందు. దీన్ని ఎవరూ వణికే బల్లమీద పెట్టలేదు. ఎవరూ తట్టలేదు.

క్లారా దాన్ని రెండు చేతులతో ఎత్తుకుంది. అనుకున్నదానికంటే బరువుంది. రంపం దగ్గరికి తీసుకెళ్ళి, నీళ్ళు వదిలి, మధ్యకు కోసింది. ముఖాన్ని గరుకు కాగితంతో, తర్వాత నున్నటి కాగితంతో, ఆ తర్వాత పొడితో రుద్దింది. గంటన్నర పట్టింది. రుద్దుతున్నంతసేపూ బుడగలు లేకపోతే బాగుండని ఒక మనసు, ఉండాలని ఒక మనసు. రెండూ ఆమెవే.

మైక్రోస్కోపు కింద పెట్టి కంటికి ఆనించింది.

మొదట మసక. చక్రం తిప్పింది. నెమ్మదిగా, ఒకదాని పక్కన ఒకటి, ఆ బూడిదరంగు ఆకాశం నిండా చుక్కలు వెలిగాయి. లెక్కలేనన్ని. గుండ్రంగా, బుల్లిబుల్లిగా, కంకరరాళ్ళ మధ్య ఏ మూల చూసినా. ఎంత అందంగా ఉన్నాయంటే, తనకు ఏం జరగబోతోందో ఆమె కాసేపు మరిచిపోయింది. కన్ను తీయకుండా చాలాసేపు అట్లాగే కూర్చుంది.

ఈశ్వరప్రసాద్ సార్ గదిలో కంప్యూటర్ తెరమీద ఒక ఉత్తరం సగం రాసి ఉంది. చలపతి పూర్తి పేరు క్లారాకు దూరంనుంచే కనిపించింది.

"కూర్చోమ్మా. థీసిస్‌లో మూడో బ్యాచ్ గురించి దిగులు పడకు. మెటీరియల్ ఎర్రర్ అని రాసి పక్కన పెట్టేద్దాం. మిగతా రెండింటితో నువ్వు సెప్టెంబరులో కొండమీదికి వెళ్ళొచ్చు. నవంబరులో సబ్మిట్ చెయ్యి."

అంత సులువుగా దారి ఉందని క్లారాకు తెలియదు. ఆ దారిని ఒక్క క్షణం చూసింది. కొండ, వాగు, తెల్లగా మంచు.

"మెటీరియల్ ఎర్రర్ కాదు సార్. నా చెయ్యి," అంది. కోసిన దిమ్మ సగం ఆయన బల్లమీద, కాగితాలమీద పెట్టింది.

చెప్పింది. చెబుతున్నప్పుడు ఆమె కుడిచేయి తనకు తెలియకుండానే బల్లమీద కొడుతోంది. ఎడమచేత్తో దాన్ని పట్టుకుంది.

"పది సెకన్లని రాసి ఉంది కదా. ఎందుకు చేశావు?"

"మా ఇంట్లో అట్లాగే పోస్తారు సార్. చిన్నప్పటినుంచీ అదే మంచిపని."

"మంచిపనే," అన్నాడాయన. "మీ ఊళ్ళో." కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "రిపోర్టులో ఇట్లా రాస్తే రెండు దఫాలు సరిపోవు. మూడోది మళ్ళీ పోయాలి. ఇరవై ఎనిమిది రోజులు నీళ్ళలో ఉంచాలి. ఆ తర్వాత గదిలో పెట్టాలి. కొండ ట్రిప్ నీకు ఉండదు. నవంబరు పోతుంది. ఇంకో సెమిస్టర్."

"తెలుసు సార్."

"క్రిస్‌కు ఎవరు చెబుతారు?"

"నేనే."

ఆయన తెర వైపు తిరిగి ఆ ఉత్తరాన్ని వెనకనుంచి ఒక్కో అక్షరమే చెరిపేశాడు. ఒకేసారి తీసేయొచ్చు. కానీ ఒక్కొక్కటే చెరిపాడు.

క్రిస్ నోటీసుబోర్డు దగ్గర దొరికాడు. క్లారా గుండుసూదులు ఊడదీసి పాలరాయి దిమ్మల ఫొటో తీసి అతని చేతిలో పెట్టింది. దానిమీద కోసిన దిమ్మ రెండో సగం పెట్టింది. ఇంగ్లీషులో చెప్పడానికి నాలుగు వాక్యాలే పట్టాయి. క్రిస్ ఒక చేతిలో అందమైనదాన్నీ, ఇంకో చేతిలో నిలబడేదాన్నీ పట్టుకుని మార్చి మార్చి చూశాడు. మెడ ఎర్రబడింది. వెనకవైపు తలుపు తీసుకుని వెళ్ళాడు.

బయట కడుగుడు గట్టుమీద చలపతి తోపుడుబండిని పైపుతో కడుగుతున్నాడు. శుక్రవారం రాకముందే అన్నీ శుభ్రం చేసి పెట్టేద్దామన్నట్టు, ఆ రోజు వాడనివి కూడా కడుగుతున్నాడు. క్రిస్ వెళ్ళి అతని ఎదురుగా నిలబడ్డాడు. ఏదో చెప్పాడు. క్లారాకు మాటలు వినపడలేదు. తర్వాత క్రిస్ చొక్కా చేతులు మడిచి, పక్కనున్న రెండో బండిని వంచి, చెయ్యి చాపాడు. చలపతి పైపు ఇచ్చాడు. మేనేజర్ బండి కడుగుతుంటే చలపతి చీపురుతో రుద్దాడు. ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు చూసుకోలేదు. బండి అయ్యాక పారలు కడిగారు.

ఆ సాయంత్రం చలపతి చలిగది తలుపు తీసి, కాలితో అలవాటుగా కింద వెతికాడు. కాలికి ఏమీ తగల్లేదు. తలుపు వచ్చి వీపుమీద కొట్టింది.

"నా దిమ్మను కోసేసినావా?" అన్నాడు.

"కోశానన్నా."

"రెండు ముక్కలుగానా?"

"రెండు ముక్కలుగానే."

"అంత మంచి దిమ్మ నాకు మళ్ళీ యాడ దొరుకుతాది?" అన్నాడు. వీపుతో తలుపు ఆపుకుంటూ అట్లాగే నిలబడ్డాడు. తెల్లటి పొగ ఇద్దరి కాళ్ళ మధ్యనుంచి బయటికి పోతోంది. "తల్లీ, చలి పోతాంది. బండి తొయ్యి," అన్నాడు చివరికి.

కొత్త కాంట్రాక్టు మీద సంతకం అయ్యాక, సెప్టెంబరు చివర్లో క్లారా బదులు కొండమీదికి చలపతి వెళ్ళాడు. మొదటి రెండు దఫాల దిమ్మలను వాగు ఒడ్డున పెట్టి, సోమవారం పొద్దున తిన్నగా ల్యాబ్‌కే వచ్చాడు. భుజాన ఐసుపెట్టె, అదే ఇక్కడివాళ్ళు ఎస్కీ అంటారు, అది ఉంది. క్లారా అచ్చులకు నూనె రాస్తోంది. ఆ రోజే మూడో దఫా మళ్ళీ పోయాలి. గాలి కొలిచే మీటర్ రిపేరయి వచ్చి బల్లమీద మెరుస్తోంది.

"చెయ్యి పెట్టు," అన్నాడు మూత తీసి.

సగం నీళ్ళు, సగం మంచు. ఎనిమిది గంటల ప్రయాణంలో మిగిలిన మంచు. తెల్లగా కాదు, బియ్యం కడిగిన నీళ్ళ రంగులో ఉంది. క్లారా గ్లవ్ తీసి కుడిచెయ్యి మణికట్టుదాకా ముంచింది. మొదట ఏమీ తెలియలేదు. తర్వాత వేళ్ళు ఒక్కొక్కటే ఎవరో అడిగి తీసుకున్నట్టు మొద్దుబారాయి. గుప్పిట మూసి తెరిచింది. గుప్పిట్లోది మళ్ళీ నీళ్ళలోకి జారింది.

"ఎట్లుంది?"

"మెత్తగా ఉందన్నా. రాళ్ళను చీల్చేది ఇదేనంటే నమ్మబుద్ధి కావడం లేదు."

మిక్సర్ తిరిగింది. చలపతి సిరంజి పైకెత్తి ఆమెకు చూపించాడు. ఇరవై. ఈసారి క్లారా గోడ వైపు తిరగలేదు. అతను పోస్తున్నంతసేపూ చూసింది. మీటర్ పెట్టి గాలి కొలిచి రాసుకుంది.

మొదటి అచ్చు వణికే బల్లమీద పెట్టింది. గోడమీది గడియారం చూస్తూ లెక్కపెట్టింది. పదో సెకనుకు మీట నొక్కి బల్ల ఆపింది. పైన తడి ముఖంమీద బుడగలు ఇంకా వస్తూనే ఉన్నాయి. ఒకటి వచ్చి పగిలింది. దాని పక్కన ఇంకోటి కన్ను తెరిచింది. ఆమె చెయ్యి లేచింది. రబ్బరు సుత్తి ఎప్పుడు చేతిలోకి వచ్చిందో తెలియదు. మొద్దుబారిన వేళ్ళు దాన్ని గట్టిగా పట్టుకుని ఉన్నాయి.

చలపతి చూస్తున్నాడు.

చెయ్యి గాలిలో ఆగింది. ఆ ఆగడంలో జోజయ్య మేస్త్రీ పోసిన స్లాబులు కనిపించాయి, టకటకలాడే రేకు కింద ఎండలో నిలబడిన పిల్ల కనిపించింది, పగలడానికి తొందరలేని ఆ బుడగ కనిపించింది. క్లారా సుత్తిని బల్లమీద పెట్టి, తిన్నగా జరిపింది. తాపీతో పైన ఒకే ఒక్కసారి నునుపు చేసి అచ్చును పక్కకు తీసింది. ముఖంమీద సన్నటి గుంటలు మిగిలాయి. రెండోది పెట్టింది.

ఆరూ అయ్యాక మిక్సర్ అడుగున కొంచెం మిగిలింది. క్లారా సంచీలోంచి పెరుగు డబ్బా తీసింది. పిన్ని కడిగి ఇచ్చినది. మిగిలినదంతా అందులో గుమ్మరించి, మేకుతో తేదీ గీసి, చలిగది తలుపు పక్కన పెట్టింది.

దాన్ని తట్టలేదు.

మరియరాణి, అరవై అయిదేళ్ళు, క్రాన్‌బర్న్.